నీరు దిగిన యిల్లు

ధ్యాన భాగము: లేవీయకాండము 14:33–53



ఇంటిలోనికి వరద నీరు వచ్చిన నాడు చుట్టుప్రక్కల వారందరు పరుగెత్తి వత్తురు. పడవ వచ్చును, పులిహోర పొట్లములు వచ్చును, పాల ప్యాకెట్లు వచ్చును, ఫొటోలు తీయువారును వత్తురు. నీరు దిగిన నాడు మాత్రము ఎవరును రారు. ఆ యింటివారు గుమ్మములో నిలువబడి, చీలమండ లోతు ఒండ్రును, ఉబ్బిన తలుపును, తడిసిన బియ్యపు మూటను చూచుచు, ఏది మొదట చేయవలెనో తోచక యుందురు. వరద వచ్చిన దినమును గూర్చి ప్రసంగములు అనేకము వింటిమి. నీరు దిగిన దినమును గూర్చి వినినది తక్కువ. కాబట్టి ఈ నెల ఆ దినమును గూర్చియే ధ్యానింతము.

ఆ దినమునకు తగిన వాక్యము బైబిలులో ఉన్నదా అని ఎవరైన అడిగినయెడల, ఉన్నదనియే మా జవాబు. సంవత్సరమున కొకసారి బైబిలు ముగించువారు సహితము లేవీయకాండము నొద్దకు వచ్చునప్పటికి నడక త్వరపరచుదురు. పొడలు, మచ్చలు, బలులు అనుకొనుచు పేజీలు దొర్లించి, సంఖ్యాకాండములో గాని ఊపిరి పీల్చుకొనరు. అయితే ఆ గ్రంథము 14వ అధ్యాయపు రెండవ సగము మనుష్యుని రోగమును గూర్చినది కాదు, ఇంటి గోడను గూర్చినది. గోడలో పచ్చని చారలు గాని ఎఱ్ఱని చారలు గాని పుట్టి, అవి గోడ మట్టమునకంటె లోతుగా దిగినట్లు కనబడినయెడల ఏమి చేయవలెనో దేవుడు మోషేకును అహరోనుకును అక్కడ చెప్పెను. మన తెలుగు బైబిలులో దీనిని కుష్ఠుపొడ అనిరి. ఈ కాలపు కొన్ని అనువాదములలో బూజు అనియే వ్రాసిరి. చెమ్మ పట్టిన గోడను చూచినవారికి ఆ వర్ణన కొత్తది కాదు.

ఇందులో మమ్మును ఆశ్చర్యపరచిన సంగతి యొకటి యున్నది. ఈ మాటలు చెప్పబడిన నాటికి ఇశ్రాయేలీయులకు ఇండ్లే లేవు. వారు అరణ్యములో గుడారములలో ఉండిరి. గుడారపు గుడ్డకు గోడ యెక్కడిది, పూత యెక్కడిది? అయినను, మీరు కనాను దేశమునకు వచ్చిన తరువాత అని మొదలుపెట్టి, ఇంకను కట్టని యింటికి రాబోవు చెమ్మను గూర్చి దేవుడు ముందుగానే ఆలోచించెను. మన గోడ తడిసినది ఆయనకు చిన్న సంగతి కాదు.

మన దేశములో నీటి సంగతి మనకు తెలియనిది కాదు. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెనను చూచినవారు ఇంకను మన మధ్య ఉన్నారు. 1986 ఆగస్టులో భద్రాచలము వద్ద గోదావరి 75.6 అడుగులకు ఎక్కెను. అక్కడ 53 అడుగులు దాటిన యెడలనే మూడవ హెచ్చరిక చేయుదురు గనుక అది ఎంతటి నీరో ఊహించుకొనవచ్చును. 2022 జూలైలో ఆ నదియే మరల 71.3 అడుగులకు వచ్చి, దిగువనున్న కోనసీమ లంకలను ముంచెను. 2024 సెప్టెంబరు 1వ తేదీన ఒకే దినమున ఖమ్మములో మున్నేరును, విజయవాడలో బుడమేరును ఇండ్లలోనికి వచ్చెను. సింగ్‌నగర్ ప్రాంతములో నీరు గంటలలో దిగలేదు, దినములు నిలిచెను. పేరులేని చిన్న కాలువలు గట్టు తెగి ముంచిన పల్లెలకు లెక్క లేదు. వాటి సంగతి పత్రికలలో రాదు, ఆ యిండ్ల గోడలు మాత్రము అలాగే తడియును.

ముందుగా ఒక మాట చెప్పి తీరవలెను. నీరు దిగిన తరువాత ఊరిలో ఒక విధమైన మాట పుట్టుచుండును. ఫలానా వీధి మునిగినది, ఫలానా వీధి మునుగలేదు, దేవుడు ఊరకే చేయునా అని. విశ్వాసులమైన మనము సహితము ఆ మాట అనుచుందుము. సిలోయములో గోపురము పడి పదునెనిమిదిమంది చనిపోయినప్పుడు, వారు మిగిలిన యెరూషలేమువారందరికంటె అపరాధులని తలంచుచున్నారా అని ప్రభువు అడిగి, కాదని తానే చెప్పెను (లూకా 13:4, 5). ఆ తరువాత ఆయన ఆ ప్రశ్నను వినినవారి తట్టే త్రిప్పెను గాని, చచ్చినవారి తట్టు త్రిప్పలేదు. నీరు పాపము వెదకికొని పోదు, పల్లము వెదకికొని పోవును. మన పేటలు అనేకము పల్లమున ఎందుకున్నవి? ఊరిలో మెరక భూమి ఎవరి చేతిలో నుండెనో, చెరువు క్రింద, కాలువ ప్రక్కన, మురుగు పారు చోట ఎవరిని ఉంచిరో పెద్దలను అడిగినయెడల చెప్పుదురు. అది మునిగినవారి పాపము కాదు. ఎవరి పాపమనునది వేరొక నెల మాటలాడుకొందము. పల్లములో నున్న పేటకు మెరక చేయించుమని, మురుగు కాలువ త్రవ్వించుమని గ్రామసభలో లేచి అడుగుట భక్తికి విరుద్ధమని ఎవరును అనుకొనకూడదు.

ఇప్పుడు వాక్యభాగములోనికి పోవుదము. గోడలో చార కనబడినయెడల ఆ యింటి యజమానుడు యాజకుని యొద్దకు వచ్చి తెలుపవలెను. చూడుడి, మొదటి పని గీకుట కాదు, కడుగుట కాదు, చెప్పుట. అందులోను, ఇది ఫలానా రోగము అని అతడు తీర్పు చెప్పనక్కరలేదు. నాకు ఇట్లు కనబడుచున్నది అని చెప్పిన చాలును. మన యిండ్లలో దీనికి మారుగా ఏమి జరుగునో తెలిసినదే. చెమ్మ చార కనబడిన చోట క్యాలెండరు తగిలింతుము, బీరువాను దాని కడ్డముగా జరుపుదుము, కూతురికి సంబంధము చూడవచ్చువారు కూర్చుండు గదిలో ఆ మూలకు ఎత్తైన కుర్చీ వేయుదుము. గోడ లోపల తడిసి, ఇటుక మెత్తబడుచున్నదని ఇంటివారికి తెలియును. అయినను సంఘములో ఎవరికిని చెప్పరు. చెప్పినయెడల ఏమి తలంతురో అని సిగ్గు. ఈ సిగ్గు వలన గోడలు పడి ప్రాణములు పోయినవని మనము మరువరాదు.

యాజకుడు రాకముందే ఇల్లు ఖాళీ చేయింపవలెనని తరువాతి ఆజ్ఞ. ఇది చదివి మేము చాలసేపు ఆగితిమి. ఎందుకు ముందుగా ఖాళీ చేయవలెను? యాజకుడు వచ్చి చూచి, ఇల్లు అపవిత్రమని చెప్పిన తరువాత లోపలనున్న ప్రతి వస్తువును అపవిత్రమగును. ఆయన రాకముందే చాపలు, కుండలు, బట్టలు బయటకు తీసినయెడల అవి దక్కును. అనగా ధర్మశాస్త్రము బీదవాని కుండను కాపాడుచున్నది! ఇల్లు శుద్ధియగుటకు ముందే, ఇంటావిడ వంటపాత్రలు పోకుండునట్లు దేవుడు క్రమము ఏర్పరచెను. గోడ ఎంత ముఖ్యమో, ఆమె చట్టి అంత ముఖ్యము.

ఆలాగుననే నీరు దిగిన యింటిలో మొదటి దినము చేయవలసినది సామాను బయటకు తీయుటయే. అయితే లోపలికి అడుగుపెట్టక ముందు మెయిన్ స్విచ్ కట్టవలెను. స్విచ్ పెట్టె తడిసియుండినను, దాని యొద్దకు పోవలెనంటే నీటిలో నడువవలసి వచ్చినను, దానిని ముట్టక కరెంటువారికి కబురు పంపవలెను. గ్యాసు బండ నీటిలో తేలియుండినయెడల దానిని బయటపెట్టి, ఏజెన్సీవారు చూచువరకు పొయ్యి వెలిగింపరాదు. కఱ్ఱతో మూలలు తట్టి చూచుకొనుచు నడువవలెను, వరదలో పాములును మన వలెనే మెరక వెదకికొనును. తడిసిన పరుపులు, దిండ్లు, గోనెసంచులు ఎండబెట్టినను లోపల వాసన పోదు. వాటిమీద ప్రేమ విడువవలెను. పట్టాదారు పాసుపుస్తకము, రేషను కార్డు, పిల్లల సర్టిఫికెట్లు, పెద్దబైబిలు తడిసియుండినయెడల పేజీలు బలవంతముగా విడదీయక, నీడలో గాలికి పెట్టి, కొంచెము ఆరిన తరువాత మెల్లగా ఒక్కొక్కటి విడదీయవలెను. నేరుగా మండుటెండలో పెట్టినయెడల కాగితము పెళుసెక్కి ముడుచుకొనును. ఇంటి బావి మునిగినయెడల, ఆశా కార్యకర్తతో గాని ఏఎన్ఎమ్‌తో గాని చెప్పి బ్లీచింగు వేయించి, వారు త్రాగవచ్చునని చెప్పువరకు బయటినుండి తెచ్చిన మంచినీరు మాత్రమే, అదియును తెర్లకాచి త్రాగవలెను. ఈ పనులలో తొంబదిపాళ్లు స్త్రీలమీద పడుచున్నవి. మగవారు రచ్చబండ యొద్ద నష్టపరిహారపు మాటలాడుచుండగా, ఒండ్రు ఎత్తుచున్నది ఎవరో మనకు తెలియును. ఈ సంగతి వ్రాసినందుకు కొందరు సహోదరులు మామీద కోపగింతురేమో, కోపగింపనిండు.

తరువాత యాజకుడు ఏమి చేయును? చారలను చూచి, వెంటనే ఇల్లు కూలద్రోయుడని చెప్పడు, బాగున్నది పొండని కూడ చెప్పడు. ఏడు దినములు ఇంటిని మూసియుంచి, మరల వచ్చి చూచును. ఆ యేడు దినములలో అందులోనికి వెళ్లువాడు సాయంకాలమువరకు అపవిత్రుడు. అందులో పండుకొనినవాడును భోజనము చేసినవాడును బట్టలు ఉదుకుకొనవలెను. ఇల్లు చెమ్మగానున్నప్పుడు అక్కడ నిద్రపోకూడదు, వండుకొని తినకూడదు అను తెలివి ఈ ఆజ్ఞలో ఉన్నదని మేము తలంచుచున్నాము. బూజు పట్టిన గదిలో పండుకొనిన పిల్లలకు దగ్గు, ఆయాసము హెచ్చునని నేటి వైద్యులును చెప్పుదురు.

ఈ కనిపెట్టుకొనియుండుట మనకు మిక్కిలి కష్టమైన పని. నోవహు సంగతి చూడుడి. అతని ఆయుష్కాలములో ఆరువందల ఒకటవ సంవత్సరము మొదటి నెల మొదటి దినమున అతడు ఓడ కప్పు తీసి చూచెను. నేల పైభాగము ఆరియుండెను (ఆదికాండము 8:13). ఆ ఓడలో, ఆ వాసనలో, ఆ జంతువులతో సంవత్సరమునకు దగ్గరగా గడిపినవాడు నేల కనబడగానే దుమికి పోవలసినది కాదా? అతడు పోలేదు. రెండవ నెల ఇరువదియేడవ దినమున భూమి యెండియుండెనని 14వ వచనములో చదువుచున్నాము. అప్పుడు దేవుడు బయటకు రమ్మని చెప్పెను, అప్పుడు అతడు వచ్చెను. పైభాగము ఆరినదానికిని, భూమి యెండినదానికిని మధ్య దాదాపు ఎనిమిది వారములు గడిచినవి. ఇంత లెక్కగా ఈ రెండు తేదీలు ఎందుకు వ్రాయబడెనో మేము పలుమారులు ఆలోచించితిమి. పైకి ఆరుట ఒకటి, లోపల ఎండుట మరియొకటి అని నీరు దిగిన యింటివారికి చెప్పుటకు ఇంతకంటె మంచి వచనము మాకు దొరకలేదు.

గోడ సంగతియు అట్టిదే. తొమ్మిది అంగుళముల ఇటుకగోడ చేతితో ముట్టినప్పుడు ఆరినట్లే తోచును. దాని నడుమ తడి ఎండుటకు వారములు చాలవు, నెలలు పట్టును. మట్టిగోడ యైతే మరింత జాగ్రత్త అవసరము. నీరు ఉన్నన్ని దినములు నిలిచిన మట్టిగోడ, నీరు దిగిపోయి ఎండ కాయగానే పగులు విడిచి ఒక్కసారిగా కూలుట తరచుగా జరుగు సంగతి. అందరును గండము గడిచినదని ఊపిరి పీల్చుకొను రాత్రి అది. కాబట్టి ముసలి తల్లిదండ్రుల మంచము గాని, పిల్లల చాప గాని తడిసిన గోడ వారగా వేయవద్దు. గోడ ఉబ్బినను, పైనుండి క్రిందికి పగులు కనబడినను ఆ యింట రాత్రి ఉండవద్దు. బడిలోనో, ప్రార్థన మందిరములోనో, బంధువుల ఇంటనో పండుకొనుడి. ప్రార్థన మందిరము పరుపులతో, వంటపాత్రలతో నిండినయెడల దాని పరిశుద్ధత తగ్గదు.

ఉప్పెన నీరు త్రాగిన గోడకు ఇంకొక బాధ యున్నది. ఎండకాలమున అది పూర్తిగా ఆరినట్లే కనబడి, తెల్లని ఉప్పు పొడిని విడుచును. ముసురు పట్టగానే ఆ ఉప్పు గాలిలోని తడిని పీల్చుకొని గోడ మరల చెమర్చును. ఒక్కనాటి సముద్రపు నీరు ఏండ్ల తరబడి ఇంటిలో నిలుచుట ఇదియే. ఆ పొడిని నీళ్లతో కడుగరాదు, పొడి చీపురుతో రాల్చి బయట పారవేయవలెను. నీటితో కడిగిన ఉప్పు మరల గోడలోనికే పోవును.

ఇక గీకుటను గూర్చి. ఏడవ దినమున యాజకుడు వచ్చి, చార వ్యాపించినదని చూచినయెడల, ఆ చార యున్న రాళ్లను ఊడదీయించి ఊరి వెలుపల పారవేయించును. ఇంటి లోపలి గోడలన్నియు గీకించును. గీకిన పొడిని కూడ వెలుపల పారబోయించును. పిమ్మట వేరే రాళ్లు పెట్టి, వేరే అడుసుతో పూత పూయించును. పాత పూతమీద కొత్త పూత అను మాట అందులో ఎక్కడను లేదు.

మనము చేయునదేమి? నీళ్లు ఆగస్టులోనో, సెప్టెంబరులోనో, అక్టోబరులోనో వచ్చును. డిసెంబరులో క్రిస్మస్ వచ్చును. క్రిస్మస్ వచ్చినదంటే ప్రతి యింటికి వెల్ల వేయవలెను, ఈ కాలములో రంగు వేయవలెను. గోడ లోపల తడి ఆరినను ఆరకున్నను వేయవలసినదే, లేకున్న ప్రక్కయింటివారేమందురు? చెమ్మ గోడమీద సిమెంటు పూత వేసి, పైన పుట్టీ పెట్టి, మెఱుగు రంగు పూయుదురు. అందువలన లోపలి తడికి బయటికి వచ్చుటకు దారి మూసివేయబడును. మాఘమాసపు పెండ్లి నాటికి రంగు పొక్కులు లేచి, పెచ్చులు రాలి, మొదటికంటె హీనమగును. అప్పుచేసి తెచ్చిన రంగు నేలపాలగును, అప్పు మాత్రము రాలదు. పైన పటారము లోన లొటారము అని మన పెద్దలన్నది ఇట్టి గోడను చూచియే యుండును. మట్టిగోడకును, పాత సున్నపు గోడకును సిమెంటుకంటె సున్నమే మేలని అనుభవముగల తాపీమేస్త్రులు చెప్పుదురు, అందులోనుండి గోడ ఊపిరి విడుచును. ఆ సున్నమునైనను గోడ ఎండిన తరువాతనే వేయవలెను.

యెహెజ్కేలు దినములలో ప్రవక్తలమని చెప్పుకొనినవారు ఇట్టి పనియే చేసిరి. ప్రజలు బలములేని గోడ కట్టగా, వారు దానికి పూత పూసిరి. సమాధానము లేనప్పుడు సమాధానమని చెప్పిరి. వర్షము ప్రవాహముగా వచ్చును, పూత యేమాయెనని అప్పుడు అడుగుదురని దేవుడు వారికి తెలియజేసెను (యెహెజ్కేలు 13:10–15). సేవకులమైన మేము ఈ వాక్యము చదువునప్పుడు భయపడవలసియున్నది. మునిగిన యింటికి పోయి, ఒక కీర్తన పాడి, అంతయు మేలే జరుగునని రెండు నిమిషములలో ప్రార్థన ముగించి, కాఫీ త్రాగి వచ్చుట పూత పూయుటయే. యాజకుడు గోడ దగ్గరకు పోయి, వంగి, చార ఎంత లోతుగా ఉన్నదో కన్నులార చూచెను. వారము దినముల తరువాత మరల వచ్చెను. పూత పూసిన తరువాత మూడవసారియు వచ్చి చూచెను. ఒక్క యింటి గోడ కొరకు మూడుసార్లు! మన పరామర్శలు ఎన్నిసార్లు జరుగుచున్నవి?

ఇంతవరకు గోడను గూర్చి చెప్పితిమి. గోడలో నిలిచినట్టి చెమ్మ కుటుంబములోను నిలుచును. నీరు వచ్చిన రాత్రి అన్నదమ్ములు ఒకే డాబామీద ఒకే దుప్పటి కప్పుకొని కూర్చుందురు. నీరు దిగిన తరువాత వరద సహాయపు జాబితా వచ్చును. ఒకే కప్పు క్రిందనున్న రెండు కుటుంబములకు ఒక్క పేరే వ్రాయబడును. ఆ డబ్బు ఎవరి ఖాతాలో పడెనో, ఎవరు ఎవరికి చెప్పలేదో, ఎవరి ఇల్లు మునుగకున్నను ఎవరి పేరు ఎక్కెనో, ఈ మాటలమీద మాటలు పెరిగి, ఏడాది తిరుగునప్పటికి పొలము గట్టుమీద పలుకరించుకొనని అన్నదమ్ములు ఎంతమంది! మందిరములో ఒకరు కుడి ప్రక్కను, ఒకరు ఎడమ ప్రక్కను కూర్చుండి, బల్లయొద్దకు వేరువేరు వరుసలలో వత్తురు. పైకి చూచినయెడల ఇద్దరును ఆరినవారే.

అట్టి చెమ్మకు కూడ గీకుటయే గాని పూత మందు కాదు. ఇద్దరిని పిలిచి, చేతులు కలిపించి, అంతా మరచిపోండని చెప్పుట పూత. ఎంత వచ్చినది, ఎవరు తీసికొనిరి, ఎంత ఎవరికి చెందవలెనో పెద్దల యెదుట లెక్క చెప్పించుట గీకుట. గీకునప్పుడు దుమ్ము లేచును, ఇల్లంతా పాడైనట్లు కనబడును. ఆ దుమ్మును చూచి భయపడి నడుమ విడిచినయెడల మొదటికంటె చెడ్డది. తప్పుగా పేరు ఎక్కించుకొనినవాడు ఆ సొమ్ము తిరిగి ఇచ్చునప్పుడు, ఊడదీసిన రాయి పోయిన చోట గోడకు రంధ్రము పడినట్లుండును. ఆ రంధ్రములో వేరే రాయి పెట్టవలెనని వాక్యము చెప్పుచున్నది గనుక, సంఘము అతనికి ఆ కష్టకాలమున తోడుపడవలెను గాని, చూచితిరా వీని సంగతి అని చెప్పుకొనరాదు.

గీకి, రాళ్లు మార్చి, పూత పూసిన తరువాత కూడ చార మరల వచ్చినయెడల ఆ యిల్లు పడగొట్టవలెనని 45వ వచనములో ఉన్నది. కఠినమైన మాట. అయినను కొన్ని గోడలకు ఇదియే కనికరము. మూడుసార్లు మునిగి, ఉబ్బి, ప్రక్కకు ఒరిగిన గోడను తాతలనాటిదని కాపాడుకొనుచు దాని క్రింద మనుమలను పండుకొనబెట్టుట భక్తి కాదు. మరల కట్టునప్పుడు ఊరిలో చూచిన అన్నిటికంటె ఎత్తైన నీటి గుర్తునకు పైగా ఇంటి బేస్‌మట్టము లేపుడి. గోడ మొదలునుండి తడి పైకి ప్రాకకుండ బేస్‌మట్టముమీద మంచి సిమెంటు పట్టీ వేయించుడి. రంగుకు పెట్టు డబ్బు అక్కడ పెట్టుడి. ప్రభువు చెప్పిన ఇద్దరు ఇల్లు కట్టినవారి ఉపమానము మత్తయిలోను లూకాలోను ఉన్నది. ఆ కట్టినవాడు లోతుగా త్రవ్వెనని లూకా ఒక్కడే వ్రాసెను (6:48). ఇంటికి వచ్చి చూచువారు పునాది త్రవ్విన గొయ్యిని ఎన్నడును చూడరు, మెచ్చుకొనరు. వరద వచ్చిన నాడు నదికి మాత్రము అది తెలియును.

అయితే ఈ అధ్యాయము పడగొట్టుటతో ముగియలేదు. చార మరల రానియెడల యాజకుడు ఇల్లు పవిత్రమని చెప్పి, రెండు పక్షులను, దేవదారు కఱ్ఱను, రక్తవర్ణపు నూలును, హిస్సోపును తెప్పించును. పారు నీటిపైన మంటిపాత్రలో ఒక పక్షిని వధించి, ఆ రక్తములోను నీటిలోను ముంచిన వాటితో ఇంటిమీద ఏడుమారులు ప్రోక్షించి, బ్రదికియున్న పక్షిని ఊరి వెలుపల బయలులో విడిచిపెట్టును. ఇదే అధ్యాయము మొదట కుష్ఠరోగి బాగైనప్పుడు ఇవే రెండు పక్షులు, ఇవే వస్తువులు వాడబడినవి. మనుష్యునికి ఏ ప్రాయశ్చిత్తమో మట్టి గోడకును అదే ప్రాయశ్చిత్తము. మన ప్రభువు రక్తము మన ఆత్మకు మాత్రమే గాని మన యింటికి, పొయ్యికి, అన్నదమ్ముల పాలికి చెందదని తలంచుట తగునా? ఇంకొక సంగతియు గమనింపుడి. ఏ నీరు ఇంటిని పాడుచేసెనో, ఆ నీటినే దేవుడు శుద్ధికి వాడెను. నిలిచిన నీరు కాదు, పారు నీరు.

ఈ క్రిస్మస్ మాసమును గూర్చి సంఘములకు మా విన్నపము ఒకటి. ఈ యేటి వానలకు నీరు చొచ్చిన యిండ్లవారు గోడ ఎండువరకు వెల్ల వేయవద్దు, రంగు వేయవద్దు, దాని కొరకు అప్పు చేయవద్దు. గీకిన గోడ గీకినట్లే ఉండనిండు, కిటికీలు తెరచి గాలి పారనిండు. మందిరమునకు వేయదలచిన కొత్త రంగును కూడ ఒక సంవత్సరము ఆపి, ఆ సొమ్ముతో ఒంటరిగానున్న విధవరాండ్ర ఇండ్లకు సున్నము, ఇటుక కొనవచ్చునేమో పెద్దలు ఆలోచింతురు గాక. మొదటి ఆదివారము ఆరాధన తరువాత గునపము, తట్ట, పార ఉన్న యౌవనస్థులు వాటితో రావలెను. మేస్త్రి పని తెలిసినవారు ముందుగా ఇండ్లు చూచి, ఏ గోడ నిలుచునో ఏది దింపవలెనో చెప్పవలెను. క్రిస్మస్ పాటలవారు ఈ యేడు మొదట వెల్లవేయని యిండ్లకు వెళ్లి, ఆ గుమ్మములయొద్ద పాడి, ఆ తరువాత మిగిలిన వీధులకు పోవుదురు.